చెరువు మనది, టెండరు ఇంకొకరిది

పోయిన నెల మండల కమిటీ సమావేశంలో ఒక కుర్రాడు లేచి నన్ను సూటిగా అడిగాడు. "పెద్దనాయినా, మనది రైతు సంఘమా, కాంట్రాక్టర్ల సంఘమా? ధర్నాలు చేసేటోళ్లం టెండర్లు వేసుడేంది?" సగం మంది నవ్వారు, మిగతా సగం నేనేం చెబుతానా అని చూశారు. అప్పటికే పొద్దుపోయింది, చివరి బస్సు అందుకోవాల్సిన వాళ్లున్నారు. అందుకని నాలుగు ముక్కలు చెప్పి ఊరుకున్నాను. పూర్తి జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆ కుర్రాడి మనసులో ఉన్న అనుమానం సంఘంలో చాలా మందికి ఉందని నాకు తెలుసు.

సమావేశంలో నేను పెట్టిన ప్రతిపాదన ఇది. చెరువుల్లో పూడిక తీయడం, కాలువల్లో జంగిల్ కటింగ్, గుర్రపు డెక్క తీయడం, నర్సరీలు, మొక్కలు నాటి మూడేళ్లు సాకడం. నీటిని, నేలను, చెట్టును కాపాడే ఈ పనులకు సర్కారు ఏటా డబ్బు పెడుతోంది, ఏటా టెండర్లు పిలుస్తోంది. ఆ టెండర్లు ఆయకట్టు రైతులు, కూలీలు కలిసి పెట్టుకున్న సొసైటీలు వేయాలి, గెలవాలి. సంఘం వాళ్లకు వెన్నుదన్నుగా ఉండాలి. నేనన్నది ఇంతే.

ఎందుకన్నానో చెప్పాలంటే మా ఊరి చెరువు సంగతి చెప్పాలి.

2015 మార్చిలో సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలైంది. రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను బాగు చేస్తామన్నారు. ఆ పథకాన్ని తక్కువ చేసి మాట్లాడను, మంచి ఆలోచన అది. పూడిక తవ్వి ట్రాక్టరుకు ఎత్తే ఖర్చు సర్కారుది, పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ఒండ్రుమట్టి పడ్డ చెలకల్లో రెండు మూడేళ్లు యూరియా తగ్గించి వేసినవాళ్లు మా దగ్గరే ఉన్నారు. మా చెరువుకూ పని మంజూరైంది. టెండరు పట్టణంలో ఉండే ఒకాయనకు దక్కింది. ఆయన మా చెరువు కట్ట మీద కాలు పెట్టగా నేను చూడలేదు. పని ఇంకొకరికి గుత్తకిచ్చాడు, ఆ ఇంకొకరు గంట కిరాయికి ఇటాచీ పెట్టించాడు. మిషన్ ఎక్కడ తవ్వింది? కట్ట పక్కనే. దారి దగ్గర, తిప్పడం సులువు, డీజిల్ కలిసొస్తుంది. కట్ట మొదట్లో అంతంత గుంతలు పెడితే రేపు వరదొచ్చినప్పుడు కట్ట ఏమవుతుందో మా నీరటి తాతకు తెలుసు, ఇటాచీ డ్రైవరుకు తెలియాల్సిన పని లేదు. శిఖం లోపల, వాగు వచ్చి కలిసే చోట పేరుకున్న అసలైన ఒండ్రు అట్లాగే ఉండిపోయింది. తవ్విన మట్టిలో సగం రాత్రిపూట ఇటుక బట్టీలకు పోయింది. తూము షట్టరు కారుతూనే ఉంది. కొలతలు తీసేనాటికి చెరువులోకి నీళ్లొచ్చాయి. నీళ్ల కింద గుంత ఎంత లోతుందో ఎవరు చెప్పగలరు? ఎంబీ పుస్తకంలో మాత్రం లోతు చక్కగా రాసి ఉంది.

ఆ కాంట్రాక్టరును తిట్టడానికి ఇది రాయడం లేదు. అంచనా మీద పాతిక శాతం దాకా తక్కువకు పాడుకున్నవాడు, అందులోంచి పర్సంటేజీలు పోను, ఇంకొకరికి గుత్తకిచ్చి తానూ మిగుల్చుకోవాలంటే పని అట్లాగే జరుగుతుంది. ఆయనకు మా చెరువు ఒక బిల్లు, మాకు రెండు పంటలు. మేం ధర్నా చేశాం, వినతిపత్రాలిచ్చాం, ఫోటో కూడా పేపర్లో పడింది. ధర్నా చేసేనాటికి పని అయిపోయింది, చెరువు నిండింది. పని ఎట్లా జరగాలో ముందే రాసుకునే కాగితం టెండరు కాగితమే. దాన్ని మనం ఒక్కసారి కూడా చదవలేదని ఆ రోజు నాకు సిగ్గేసింది.

ఈ పనులు రైతుల చేతికివ్వాలన్న మాట కొత్తదేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం వచ్చింది. నీటి వినియోగదారుల సంఘాలు పెట్టి, కాలువల మరమ్మతులు వాటితో చేయించారు. కొన్ని సంఘాలు బాగా చేశాయి. కొన్నిచోట్ల అధ్యక్షుడే కాంట్రాక్టరయ్యాడు, అదీ నిజమే. తర్వాత తెలంగాణలో ఎన్నికలు లేక ఆ సంఘాలు పేరుకు కూడా మిగలకుండా పోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు పెట్టారు. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినప్పుడు అందులో కాంట్రాక్టర్లు ఉండకూడదని చట్టంలోనే రాశారు. అంటే రాయాలనుకుంటే రాయొచ్చన్నమాట.

మరి టెండరు లేకుండా నామినేషన్ మీదనే పనులు మన సంఘాలకు ఇమ్మని అడగొచ్చు కదా అని కొందరు సీనియర్ మిత్రులు అంటున్నారు. నేను ఒప్పుకోను. అటువైపు నీరు-చెట్టు కింద పనులు అట్లాగే ఇచ్చారు. 2019లో ప్రభుత్వం మారగానే బిల్లులు ఆగాయి, విచారణలు వచ్చాయి, పని చేసినవాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. అందులో దొంగ పనులు చేసినవాళ్లున్నారు, అప్పు తెచ్చి నిజంగా మట్టి ఎత్తినవాళ్లూ ఉన్నారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టారు. నామినేషన్ మీద వచ్చిన పని ఎమ్మెల్యే దయ మీద వచ్చిన పని. ఆ దయ కోసం జెండా పట్టాల్సి వస్తుంది. టెండరులో గెలిచి, ఒప్పందం మీద సంతకం పెట్టిన పనికి ఎవరి ముందూ చేతులు కట్టుకోనక్కర్లేదు.

మా అనుభవం మూడు టెండర్లు. మొదటిది పోయింది, రెండోది గెలిచి మునిగాం, మూడోది గట్టెక్కింది. మొహమాటం లేకుండా మూడూ చెబుతాను.

ముందు పది కుటుంబాల నుంచి పది మందిమి కలిసి 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద, అంటే మాక్స్ చట్టం కింద, సొసైటీ పెట్టుకున్నాం. ఆ చట్టానికి వేర్వేరు కుటుంబాల నుంచి పది మంది ఉంటే చాలు. తర్వాత మరో ముప్పై మంది చేరారు. ఇందులో భూమున్నవాళ్లే కాదు, కౌలుదార్లు, కూలీలు, ఊళ్లో ఉన్న నాలుగు వడ్డెర కుటుంబాలూ ఉన్నాయి. ఈ నేల మీద కట్టలు పోసిన చేతులు వాళ్లవి, వాళ్లు లేకుండా చెరువు పని సొసైటీ ఏమిటి? సొసైటీ భూస్వాముల క్లబ్బు అయితే కాంట్రాక్టరు పోయి ఇంకో కాంట్రాక్టరు వచ్చినట్టే.

మొదటి టెండరు ఒక కాలువలో జంగిల్ కటింగ్‌ది. రేటు మాదే తక్కువ అనుకున్నాం, కానీ మా రేటు కవరు తెరవనే లేదు. సాంకేతిక అర్హత దగ్గరే తీసేశారు. రెండు కారణాలు. మా బైలాలో సొసైటీ లక్ష్యాల కింద ఎరువులు, విత్తనాలు, ధాన్యం కొనుగోలు అని రాసుకున్నాం గానీ ఇలాంటి పనులు చేస్తామని ఎక్కడా రాసుకోలేదు. రెండోది, ఇలాంటి పని ఇంతకు ముందు చేసినట్టు సర్టిఫికెట్ లేదు. మొదటిది మా తప్పే. నెల రోజుల్లో సర్వసభ్య సమావేశం పెట్టి బైలా సవరించుకున్నాం. ఎఫ్‌పీవోలు నడుపుతున్న మిత్రులు ఇంటికెళ్లి మీ కాగితాల్లో లక్ష్యాలేం రాసి ఉన్నాయో ఈ రోజే చూసుకోండి. రెండో కారణానికే నాకు ఇప్పటికీ కోపం పోలేదు. కలుపు తీసిన అనుభవం రైతుకు లేదంట!

రెండోది మొక్కల సరఫరా. పట్టణానికి 20 వేల మొక్కలు కావాలి, మూడడుగుల ఎత్తుండాలి. హరితహారం వచ్చినప్పటి నుంచి మొక్కలకు గిరాకీ ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం గ్రామ పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టమంటోంది, నాటినవాటిలో 85 శాతం బతకాలంటోంది. అడవి పోయినందుకు వసూలు చేసిన పరిహార వనీకరణ నిధుల నుంచి కేంద్రం 2019లో రాష్ట్రాలకు 47 వేల కోట్ల పైచిలుకు ఇచ్చింది. డబ్బు లేక కాదు. సరే, అంచనా మొక్కకు 14 రూపాయలుంటే మేం 11కు వేసి గెలిచాం. ఊళ్లో మిఠాయిలు పంచాం. ఎర్రమట్టి, కవర్లు, ఎరువు, నీళ్లు, ఆడవాళ్ల కూలీ అన్నీ లెక్కేశాం గానీ చచ్చే మొక్కలను లెక్కెయ్యలేదు. ఎండకు, ఎత్తు చాలలేదని వెనక్కి వచ్చినవాటితో కలిపి నాలుగు వేలు మళ్లీ పెంచాల్సి వచ్చింది. చివరికి మొక్క 12 రూపాయలు పడింది. అక్కడ పోయింది 20 వేలే. అసలు దెబ్బ బిల్లు. 11 నెలలకు వచ్చింది. లక్షన్నర నూటికి రెండు చొప్పున తెచ్చాం, నెలకు మూడు వేలు, 11 నెలలకు 33 వేలు. మొత్తం 53 వేల నష్టం, తలా కొంత వేసుకుని పూడ్చుకున్నాం. ఒక సభ్యురాలు పుస్తెల తాడు కుదవ పెట్టిందని మాకు ఆ తర్వాత తెలిసింది. ఆమె ఇప్పటికీ సొసైటీలోనే ఉంది, కోశాధికారి కూడా ఆమే. రేటు వేసే ముందు అందరికంటే గట్టిగా అడ్డం తిరిగేదీ ఆమే.

అందుకే లెస్ వేయడం గురించి ఇంకొంచెం చెప్పాలి. మన రాష్ట్రాల్లో ఇలాంటి పనుల టెండర్లు ఎక్కువగా శాతం లెక్కన ఉంటాయి. ఆఫీసు వేసిన అంచనాకు ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అని రాయాలి. పేరున్న కాంట్రాక్టర్లు 20, 25 తక్కువ వేస్తుంటే మనం కూడా వేయకపోతే పని రాదనిపిస్తుంది. ఆ పోటీలోకి దిగొద్దు. అతను 25 తక్కువకు చేయగలిగేది పనిని మింగి, కొలత పెంచి. మనం చెరువును మింగలేం కదా. ముందు అంచనా కాపీ తీసుకోండి. ఎన్ని క్యూబిక్ మీటర్లు, మట్టి ఎంత దూరం తోలాలి, రేటు ఏ సంవత్సరపు రేట్ల పట్టికది, చూడండి. ఇటాచీ గంటకు మీ చెరువులో ఎంత ఎత్తుతుందో ఒక రోజు నిలబడి లెక్కేయండి. తోలే దూరం అంచనాలో తక్కువ రాసి ఉంటే పని గెలిచినా నష్టమే. బిడ్‌తో పాటు సాధారణంగా 1 శాతం డిపాజిట్ కట్టాలి, ఒప్పందం నాడు మరో ఒకటిన్నర, ప్రతి బిల్లులో ఏడున్నర శాతం ఆపుకుంటారు. టెండరు టెండరుకు తేడా ఉంటుంది, కాబట్టి దాని కాగితమే చదవాలి. ఈ ఆగే డబ్బును, దానిపై వడ్డీని ఖర్చులో రాసుకున్నాకే రేటు వేయాలి.

మూడోది ఆ పద్ధతిలో వేశాం. ఈలోపు సొసైటీ పేరు మీద కింది తరగతి కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్, జీఎస్టీ, డిజిటల్ సంతకం తీసుకున్నాం. ఆరు నెలలు తిప్పారు. మళ్లీ కాలువ జంగిల్ కటింగే, అంచనా 4,80,000. మేం 4 శాతం తక్కువ వేశాం. చిన్న పని కదా అని పెద్దవాళ్లు రాలేదు. కానీ గడువు ముందు రోజు రాత్రి ఫోనొచ్చింది. "తప్పుకోండి, గుడ్‌విల్ ఇస్తాం" అన్నారు. తర్వాత ఇంకో ఫోను, అందులో గొంతు మర్యాదగా లేదు. తెల్లారి సంఘం జెండాతో ముప్పై మందిమి ఆ ఆఫీసు ముందు టీ తాగుతూ కూర్చున్నాం. ఎవరినీ ఏమీ అనలేదు. ఆ తర్వాత మళ్లీ ఫోను రాలేదు. కుర్రాడి ప్రశ్నకు ఇదే సగం జవాబు. ఒంటరి రైతు టెండరు వేస్తే ఆ రాత్రే తప్పుకుంటాడు. సంఘం ఉన్నందుకే సొసైటీ నిలబడింది.

ఆ పని 31 మందిమి 24 రోజులు చేశాం. కూలీ ఆడ, మగ తేడా లేకుండా 400. అందరికీ కలిపి 2,97,600 కూలీ పోయింది, మిషన్, ట్రాక్టర్లు, డీజిల్‌కు 71 వేలు, కాగితాల ఖర్చులు 24 వేలు. జీఎస్టీ పోను మాకు వచ్చేది 4,60,800. మిగిలింది 68 వేలు, అందులో సగం డిపాజిట్ కింద ఇంకా ఆఫీసులోనే ఉంది. ఆరేళ్ల తర్వాత ఆ కాలువ చివరి తూముకు నీళ్లు వెళ్లాయి. చివరి తూము కింద ఉన్నవాళ్లలో ముగ్గురు పనిలో ఉన్నారు. వాళ్లు మధ్యలో ఎక్కడ ఒక్క కంప ఆగినా ఒప్పుకోలేదు, ఏఈ సాబ్ కంటే ఎక్కువ తనిఖీ వాళ్లే చేశారు. కాంట్రాక్టరు పనికి, ఆయకట్టుదారు పనికి తేడా ఇక్కడుంది.

ఇంత చిన్న పనులతో ఏమవుతుందనేవాళ్లకు రెండు పేర్లు చెబుతాను. కేరళలోని వడకర దగ్గర ఊరాలుంగల్ కూలీల సహకార సంఘం 1925లో 14 మందితో మొదలైంది. ఇప్పుడు సర్కారు రోడ్లు, వంతెనలు కట్టే పెద్ద సంస్థ అయింది, కూలీలే దాని యజమానులు. పుణెలో చెత్త ఏరుకునే వాళ్లు, ఎక్కువ మంది దళిత ఆడవాళ్లు, 'స్వచ్ఛ్' అనే సొంత సహకార సంఘం పెట్టుకుని 2008లో నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని ఇంటింటా చెత్త తీస్తున్నారు. ఆ ఒప్పందం గడువు తీరినప్పుడల్లా పెద్ద కంపెనీలకు ఇస్తారన్న భయం, పోరాటం తప్పడం లేదు. వాళ్లను కాంట్రాక్టర్లని ఎవరనగలరు?

టెండర్లు ఎక్కడ దొరుకుతాయని చాలా మంది అడుగుతున్నారు. రాష్ట్ర పనులు ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో, కేంద్ర శాఖలు కొనేవి జెమ్ పోర్టల్‌లో ఉంటాయి. చదువుకున్న పిల్లలు వారానికోసారి చూస్తే చాలు. అయితే పోర్టల్‌లో పడ్డాక పరిగెత్తితే ఆలస్యమే. అప్పటికే నాలుగైదు చెరువులు ఒక ప్యాకేజీగా కట్టి, మన తరగతికి అందనంత ఎత్తుకు తీసుకుపోయి ఉంటారు. అసలు పని అంచనా వేసే రోజుల్లో ఉంది. గ్రామసభలో తీర్మానం చేయించండి, ఏఈ లెవల్స్ తీయడానికి వచ్చిన రోజు కట్ట మీద మీరుండండి, కట్టకు ఎంత దూరంలో తవ్వాలో, తూము మట్టం ఎంతో, మట్టి ఎటు పోవాలో అంచనాలోనే రాయించండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఎంబీ కాపీ కూడా దాని కిందే అడగొచ్చు.

ఇక సంఘం తరఫున సర్కారును అడగాల్సినవి ఉన్నాయి, వీటికి ధర్నాలే చేయాలి. పూడిక టెండరు ఫిబ్రవరికల్లా అయిపోవాలి. మే నెలాఖరులో ఒప్పందం చేసుకుంటే చెరువు ఎండి ఉండేది ఎన్ని రోజులు? ఒక చెరువు ఒక టెండరుగా పిలవాలి. పనిని ముక్కలు చేసి నామినేషన్‌లో పంచమనడం వేరు, మనం అడిగేది చిన్న టెండరు, బహిరంగ టెండరు. కేంద్ర శాఖల కొనుగోళ్లలో చిన్న పరిశ్రమలకు 2012 విధానం కింద డిపాజిట్ మినహాయింపు ఉన్నట్టే ఆయకట్టు సొసైటీలకూ డిపాజిట్, పాత అనుభవం షరతులు సడలించాలి. పనికి ముందు, తర్వాత కొలతలు గ్రామసభ ముందు తీయాలి, మాకూ అదే రూలు పెట్టాలి. బిల్లు 45 రోజుల్లో ఇవ్వాలి, లేదంటే వడ్డీ కట్టాలి. సరుకు, సేవలు అందించిన చిన్న సంస్థలకు 2006 చట్టంలో ఈ హక్కు ఉంది. నిర్మాణ పనులకు అది వర్తిస్తుందా లేదా అని కోర్టుల్లో వాదాలు నడిచాయి. మనకు ఆ వాదం వద్దు, ఒప్పందంలోనే రాయమందాం.

ఒక భయం నాకూ ఉంది, దాచను. డబ్బు వచ్చేచోట సంఘం చెడుతుంది. రేపు మన నాయకుడే సొసైటీ అధ్యక్షుడై, ఏఈతో కలిసి కొలతలు పెంచితే ఎవరు అడుగుతారు? అందుకే మా దగ్గర ఒక నియమం పెట్టుకున్నాం. సంఘం బాధ్యతల్లో ఉన్నవాళ్లెవరూ సొసైటీ పాలకవర్గంలో ఉండకూడదు. నేను కూడా లేను, పనిలో మాత్రం 24 రోజులూ పార పట్టాను. సొసైటీ జమాఖర్చులు ప్రతి బిల్లు తర్వాత పంచాయతీ గోడకు అంటిస్తాం. పోయినసారి డీజిల్ లెక్కలో 1,200 తేడా ఉందని ఒక ముసలమ్మ పట్టుకుంది, ఆమెకు చదువు రాదు, మనవరాలితో చదివించుకుంది. రెండు బిల్లులు ఒకే తేదీవి అతికించాం, పొరపాటే. సరిచేశాం.

ఈ సంవత్సరం మా మండలంలో మూడు చెరువుల అంచనాల కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. ఒకదానికి జవాబు వచ్చింది. అందులో మట్టి తోలే దూరం ఒక కిలోమీటరు అని రాసి ఉంది, ఆ చెరువుకు దగ్గరి పొలాలే రెండున్నర కిలోమీటర్లు. దాన్ని సరిచేయమని డీఈ ఆఫీసుకు రాతపూర్వకంగా ఇచ్చాం. మిగతా రెండింటికి ముప్పై రోజుల గడువు ఈ నెల 18తో తీరుతుంది, రాకపోతే మర్నాడే అప్పీలు వేస్తాం. సమావేశంలో ప్రశ్న అడిగిన కుర్రాడు కంప్యూటర్ పని తెలిసినవాడు. అప్పీలు కాగితం టైపు చేసే పని అతనికే అప్పగించాం, ఒప్పుకున్నాడు.